పెద్దప్రేగులోనికి వెలుగు

శంషాబాదు ఒక తరములోనే రూపు మారినది. 2008 మార్చిలో అచట విమానాశ్రయము పనిచేయ నారంభించిన పిమ్మట చుట్టుపట్ల పల్లెలలోనికి నగరము నడచివచ్చినది. నగరముతోపాటు నగరవ్యాధులును వచ్చునా? ప్రేగుల శోథము విషయమున దీనికి జవాబు చెప్పవలెనన్న ముందుగా ప్రేగు లోపల చూడగలుగవలెను.

1859లో లండనులో శామ్యూల్ విల్క్స్ పెద్దప్రేగు పుండ్ల వ్యాధిని వర్ణించెను. కాని ఆయన పరీక్షించినది మరణించిన రోగి ప్రేగును. 1932లో న్యూయార్కులో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనువారు చిన్నప్రేగు చివరి భాగమున కలుగు శోథమును వర్ణించిరి. నేడు దానినే క్రోన్ వ్యాధి యందురు.

బ్రతికియున్నవాని ప్రేగును చూచు టెట్లు? ప్రేగు మెలికలు తిరిగియుండును. వెలుగు తిన్నగా పోవును. ఈ చిక్కును విప్పినవారిలో పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ ఒకడు. 1954లో హాప్కిన్సుతో కలిసి ఆయన సన్నని గాజుపోగుల కట్ట ద్వారా ప్రతిబింబమును పంపెను. వెలుగు పోగు గోడలను తాకి మరల మరల పరావర్తనము చెందుచు వంపులలో సాగిపోవును. 1957లో హిర్షోవిట్జ్ ఈ సూత్రముతో జీర్ణాశయమును చూచు సాధనమును ప్రదర్శించెను. 1969లో వుల్ఫ్, షిన్యా అనువారు పెద్దప్రేగునంతటిని చూచి, అందలి పిలకలను తీసివేయ మొదలిడిరి. ఇదియే కొలనోస్కోపీ.

ఆరోగ్యవంతమైన ప్రేగుపొర లేత గులాబిరంగున మెరయుచుండును. దానిపై సన్నని రక్తనాళముల అల్లిక స్పష్టముగా కనబడును. శోథము కలిగినచో పొర ఎర్రబడి ఉబ్బును, అల్లిక మాయమగును, తాకినంతనే రక్తము చిమ్మును. పుండు పురీషనాళము నుండి ఎడము లేక పైకి వ్యాపించినచో విల్క్స్ చెప్పిన వ్యాధిని, నడుమ నడుమ మంచిభాగములను విడిచి కనిపించినచో క్రోన్ వ్యాధిని అనుమానింతురు.

ఈ వ్యాధులు పాశ్చాత్యులవని చిరకాలము భావింపబడెను. హైదరాబాదులోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రో ఎంటరాలజీ వైద్యులు ప్రేగుబాధలు గల 30,000 మందికి పైగా పరీక్షించి 2023లో ఫలితములు ప్రకటించిరి. శోథవ్యాధులు నగరవాసులలోవలెనే గ్రామీణులలోను కానవచ్చెను. పల్లెటూరివాడను మాటతో వైద్యుడు ఈ అనుమానమును కొట్టివేయరాదు.

మనదేశమున మరియొక చిక్కు కలదు. చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలియుచోట క్షయయు పుండ్లు పుట్టించును. చూపునకు అవి క్రోన్ పుండ్లను పోలియుండును. క్రోన్ వ్యాధికి వాడు కొన్ని మందులు దేహరక్షణశక్తిని తగ్గించును. రోగికి క్షయయే ఉన్నచో అది విజృంభించును. క్షయమందులు క్రోన్ రోగికిచ్చినచో నెలలు వృథా యగును, ప్రేగు ఇరుకగును. అందుచే చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినితో చూతురు, క్షయక్రిమికై వెదకుదురు. అప్పటికిని ఒక్కొక్కప్పుడు సందేహము తీరదు.

కనుక కొలనోస్కోపీ పత్రములో 'శోథము' అని యున్నంతమాత్రమున అది వ్యాధి పేరు కాదు. జ్వరమునకు కారణములు పలు విధములైనట్లే శోథమునకును పలు కారణములు గలవు. గాజుపోగు చూపును మాత్రమే ఇచ్చినది. చూచినదానిని ముక్క పరీక్షతోను, రోగి చరిత్రతోను జోడించి నిర్ణయించుట మనుష్యుని పని.