వెనక వరుసకు మైకు

ఈ సంచికలో సందేశాలూ పాత ఫోటోలూ అయ్యాక నా వంతు వచ్చింది. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ విశాఖ కేంద్రంలో సాంకేతిక చర్చలకు నన్ను కొత్త మోడరేటర్‌గా పెట్టారు. "మిమ్మల్ని మీరు పరిచయం చేసుకుంటూ, పనిలో పనిగా సంస్థ చరిత్ర కూడా నాలుగు ముక్కలు రాసేయండి" అన్నారు కార్యదర్శి గారు. ఒక వ్యాసంలో రెండూ ఎలా ఇముడుతాయని మొదట సందేహించాను. కానీ ఈ సంస్థే లేకపోతే నా పేరు వెనక ఇంజనీరు అన్న మాటే లేదు.

నేను ఇంజనీరింగ్ కాలేజీ మెట్లు ఎక్కలేదు. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాను. తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్స్‌లో ఉద్యోగం. షిఫ్టుల మధ్య ఈ సంస్థ పెట్టే ఏఎంఐఈ పరీక్షలు. సెక్షన్ ఏ, సెక్షన్ బీ అంటూ పేపర్లు ఒక్కొక్కటే గట్టెక్కేవి. సీ షిఫ్టు దిగి కూర్మన్నపాలెం వైపు బస్సెక్కితే, ఒళ్లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకం, పక్క సీట్లో అదే పరీక్ష రాస్తున్న ఇంకొకాయన గురక. గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురం వీధుల్లో అడగండి, ఇలాంటి కథ ఇంటికొకటి వినిపిస్తుంది.

ఆ పరీక్ష పెట్టిన సంస్థకు నూరేళ్లు నిండాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సీమ సరుకు రావడం కష్టమయ్యాక, ఇక్కడ పరిశ్రమలు లేకపోతే ఎంత ఇబ్బందో దొరలకు తెలిసొచ్చింది. 1916లో సర్ థామస్ హాలండ్ అధ్యక్షతన పారిశ్రామిక కమిషన్ వేశారు. ఇంజనీర్లకంటూ దేశమంతటికీ ఒక సంస్థ ఉండాలన్న ఆలోచన ఆ కమిషన్ పని నుంచే వచ్చింది. కలకత్తా సంస్థగానే అందరికీ తెలుసు గానీ, రిజిస్ట్రేషన్ జరిగింది మద్రాసులో, 1920 సెప్టెంబరు 13న. విశాఖ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, అందుకని మా పెద్దవాళ్లు ఈ ముక్క కాస్త గర్వంగానే చెబుతారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ కలకత్తాలో ప్రారంభోత్సవం చేశాడు. 1935లో రాయల్ చార్టర్ వచ్చింది. సభల్లో ఎప్పుడూ ఈ చార్టర్ గురించే చెబుతారు. నాకైతే 1928 ముఖ్యం. పరీక్షలు మొదలైంది ఆ ఏడే. కాలేజీకి వెళ్లే స్తోమత లేనివాడు, ఉద్యోగం మానలేనివాడు, డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడే ఇంజనీరు కావచ్చన్న మాట.

విశాఖకు ఆ అవసరం ఎంత ఉందో చూడండి. 1933లో రేవు తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో అక్కడ కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూ నీళ్లలోకి వదిలారు. ఆ కంపెనీ చేతులు మారి ఎన్నేళ్లయినా, బస్సు కండక్టర్లు ఇప్పటికీ సింధియా అనే అరుస్తారు. తర్వాత రిఫైనరీ, బీహెచ్‌పీవీ. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు గారి నిరాహార దీక్ష, కాల్పులు, ప్రాణాలు పోగొట్టుకున్న జనం. 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి ఇందిరాగాంధీ శంకుస్థాపన. ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసేసరికి 1992 ఆగస్టు వచ్చింది. ఊళ్లోకి ఒక్కో పరిశ్రమ వచ్చినప్పుడల్లా డిప్లొమావాళ్లు, డ్రాఫ్ట్స్‌మన్లు, చార్జ్‌మన్లు వందల్లో వచ్చారు. వాళ్లకు పని వచ్చు, కాగితం లేదు. ఆ కాగితం ఇచ్చింది ఈ సంస్థ.

ఇప్పుడా దారి దాదాపు మూతపడింది. 2013 మే 31 తర్వాత కొత్తగా చేరినవాళ్లకు ఏఎంఐఈని డిగ్రీతో సమానంగా గుర్తించడం లేదు. నాణ్యత గురించి వాదనలు ఉన్నాయి, వాటిలో కొంత నిజమూ ఉంది. బట్టీ పట్టి పాసైనవాళ్లు మాలోనూ ఉన్నారు. అయినా వీధికో ఇంజనీరింగ్ కాలేజీ వెలిసిన రాష్ట్రంలో, నాణ్యత పేరుతో ఈ ఒక్క తలుపే మూయడం నాకు మింగుడుపడలేదు.

ఇక మిగిలింది చర్చల సాయంత్రాలు. వాటి తీరు మీకు తెలుసు. ముఖ్య అతిథికి శాలువా, పూలగుత్తి, జ్యోతి ప్రజ్వలన. వక్త మూడుసార్లు "చివరగా" అంటాడు. ప్రశ్నలకు టైము మిగలదు. సమోసాలు మాత్రం చల్లారిపోతాయి.

ఒకసారి కోక్ డ్రై క్వెంచింగ్ మీద ఉపన్యాసం పెట్టారు. ఎర్రగా కాలిన కోక్‌ను నీళ్లు చల్లి ఆర్పితే ఆ వేడంతా తెల్లటి ఆవిరి మబ్బై ఆకాశానికి పోతుంది. అదే మూసిన గదిలో నైట్రోజన్ తిప్పి చల్లారిస్తే ఆ వేడితో స్టీమ్ పుట్టించి కరెంటు తీయొచ్చు. వక్త లెక్కలతో సహా బాగా చెప్పారు. వెనక వరుసలో కోక్ ఓవెన్ బ్యాటరీ మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆపరేటర్ ఒకాయన కూర్చున్నాడు. లేచి, "సార్, మీ లెక్క సరే. ఏడు మీటర్ల ఓవెన్ తలుపు అంచుకు పట్టిన తారు ప్రతిసారీ గోకకపోతే సీలు కూర్చోదు. గ్యాస్ లీకైతే మీ లెక్కలో అది ఎక్కడ పడుతుంది?" అన్నాడు. హాలు ఒక్క క్షణం ఆగింది. వక్త మంచివాడు, కాగితం పెన్ను తీసి ఆయన పక్కకే వెళ్లి కూర్చున్నాడు. ఆ సాయంత్రం అసలు చర్చ అక్కణ్నుంచే మొదలైంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు పెట్టుకున్న ఫ్యాక్టరీలో, ఓవెన్ తలుపు దగ్గర నిలబడ్డవాడి పేరు మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఇకనుంచి ఎక్కుతుంది. మోడరేటర్‌గా నేను పెట్టే మొదటి నియమం ఇదే.

రెండో నియమం, వక్తకు ఇరవై నిమిషాలు. గంట కొట్టేది నేనే, కోప్పడినా సరే. మూడోది, మొదటి ప్రశ్న వెనక వరుసది.

మొదటి అంశం కూడా అనుకున్నాను: ఇసుక. మన తీరం వెంబడి ఏడాది పొడుగునా ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికే ఇసుక కదులుతుంది. రేవు కట్టినప్పుడు అది ముఖద్వారాన్ని పూడ్చేస్తుందని, డాల్ఫిన్స్ నోస్ దగ్గర రెండు పాత ఓడల్ని ముంచి అడ్డం పెట్టారు. ఆగిన ఇసుకను తవ్వి, ఆర్కే బీచ్ వైపు పోయకపోతే ఆ ఒడ్డు కోసుకుపోతుంది. తొంభై ఏళ్లు దాటినా తెగని లెక్క ఇది. మోడల్ స్టడీలు చేసినవాళ్లను పిలుస్తాం. డ్రెడ్జర్ మీద రాత్రుళ్లు పనిచేసిన సరంగుల్నీ పిలుస్తున్నాం, వాళ్లకు స్లైడ్లు అక్కర్లేదు, ఒక నల్లబల్ల, సుద్దముక్క చాలు. ఎవరికైనా అలాంటి పెద్దాయన తెలిస్తే తీసుకురండి. ఆటో ఖర్చు సంస్థ ఇస్తుంది, కోశాధికారి గారితో మాట్లాడాను.