పల్నాటి డొంకల్లో జీపు: పెట్రోలు నుంచి డీజిలుకు

పల్నాడులోని దాచేపల్లి చుట్టుపక్కల నేల రెండు రకాలు. ఒకచోట సున్నపురాయి, నాపరాయి పైకి తేలిన గట్టినేల. మరొకచోట ఎండకు నెర్రెలిచ్చి, వానకు జిగురుగా మారే నల్లరేగడి. కారెంపూడి మీదుగా వచ్చే నాగులేరు దాచేపల్లిని ఒరుసుకుంటూ పోయి కృష్ణలో కలుస్తుంది. ఎండాకాలం నడిచి దాటగలిగే ఈ ఏరు వానాకాలం దారులను తెంచేస్తుంది. నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఏ బండైనా పోతుంది. రోడ్డు దిగి డొంకలో పడ్డాక బండి నడవాలంటే నాలుగు చక్రాలూ లాగాలి, ఇంజను తక్కువ వేగంలోనూ ఆగిపోకుండా పనిచేయాలి. అలాంటి బండిగా ఈ ప్రాంతం ఎరిగింది జీపునే. దానికి పెట్రోలు ఇంజను ఉండాలా, డీజిలుదా, డీజిలైతే ఏ డీజిలు అన్న ప్రశ్నకు పల్నాడు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పుకుంది. ఆ జవాబుల్లో నేల పాత్ర కొంతే. ఊళ్లో అప్పటికే ఏ ఇంధనం ఉంది, ఏ ఇంజను విప్పగల మేస్త్రీ ఉన్నాడు అన్నవే ఎక్కువసార్లు నిర్ణయించాయి.

మొదట్లో ఎంచుకునే అవకాశమే లేదు. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941 నుంచి అమెరికాలో తయారైన విల్లీస్ ఎం.బి. జీపుకు ఒకటే ఇంజను: నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 అశ్వశక్తి, పెట్రోలు. యుద్ధం ముగిశాక సైన్యం వేలం వేసిన జీపులు దేశంలో చాలామంది చేతికి వచ్చాయి. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలై 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన సంస్థ, విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాత దశాబ్దాల పాటు తెలుగు పల్లెలు చూసిన జీపు సి.జె.-3బి. విల్లీస్ సంస్థ దీన్ని 1953లో తెచ్చింది. దీనిలోని హరికేన్ ఇంజనులో గాలి తీసుకునే వాల్వులు పైన, పొగ వదిలే వాల్వులు పక్కన ఉంటాయి. ఆ అమరిక వల్ల ఇంజను ఎత్తు పెరిగింది, దాన్ని కప్పడానికి బానెట్‌నూ ఎత్తు చేయాల్సి వచ్చింది. పాత ఫొటోల్లో ఆ జీపును గుర్తుపట్టించేది ఆ ఎత్తు ముక్కే. శక్తి 70 అశ్వశక్తిని దాటింది.

ఆ రోజుల్లో పల్నాడు రైతు జీపు కొనలేదు. అది సర్కారు బండి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకు అభివృద్ధి అధికారితో పాటు జీపు కూడా పల్లెకు వచ్చింది. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక ఆ రాకపోకలు మరింత పెరిగాయి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ పనులు పల్నాడుకు ఇంజనీర్లను, సర్వే బృందాలను, వాళ్ల జీపులను తెచ్చాయి. కాలువ తవ్వని చోట గట్టు దారి కూడా ఉండదు. గుట్టల్లో, చేలల్లో పడి పోవాల్సిందే. పెట్రోలు ఖర్చు ప్రభుత్వానిది కాబట్టి ఇంజను ఎంత తాగుతుందన్న లెక్క నడిపేవాడి జేబుకు తగిలేది కాదు. డీజిలు గురించి అప్పట్లో జీపు కొనేవాళ్లెవరూ ఆలోచించకపోవడానికి ఇది పెద్ద కారణం.

పెట్రోలు ఇంజనుకు మంచి గుణాలు లేకపోలేదు. తేలిక కాబట్టి ముందు చక్రాలు బురదలో తొందరగా దిగబడవు. చప్పుడు తక్కువ. యాక్సిలరేటరు నొక్కగానే లేస్తుంది. దాని బలహీనత నీళ్ల దగ్గర బయటపడుతుంది. పెట్రోలు మండాలంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలి. ఆ రవ్వను పంచే డిస్ట్రిబ్యూటరు తడిస్తే బండి ఏటి మధ్యలో నిలిచిపోతుంది. ఇంజను ముందున్న ఫ్యాను నీళ్లను చిమ్మి సరిగ్గా ఆ భాగం మీదే కొడుతుంది. అందుకే అనుభవజ్ఞులైన డ్రైవర్లు లోతైన నీటిలో దిగేముందు ఫ్యాను బెల్టు తీసేవారు, బానెట్ ముందు పట్టా కట్టేవారు, లో గేరులో వేగం మార్చకుండా దాటించేవారు. వైర్లు తుడిచే పొడిగుడ్డ సీటు కింద ఉండేది.

పల్నాడులో డీజిలుకు దారి వేసింది జీపు కాదు, నీళ్లు. బావి నుంచి నీరు తోడే ఆయిల్ ఇంజన్లు కరెంటు తీగల కంటే ముందే చాలా ఊళ్లకు చేరాయి. పుణెలో 1946లో స్థాపితమైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వంటి సంస్థల ఇంజన్లు అవి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ నీటితో మెట్టపైరుల స్థానంలో వరి, పత్తి, మిరప పెరిగాయి. పంట డబ్బు ట్రాక్టరుగా మారింది. మహీంద్రా, అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి 1963లో పెట్టిన ట్రాక్టరు సంస్థ నుంచి బి-275 ట్రాక్టర్లు 1965లో రావడం మొదలైంది. ఇలా ఊళ్లో డీజిలు డబ్బా, డీజిలు పంపు బాగుచేసే మేస్త్రీ, నాజిల్ పరీక్షించే దుకాణం ముందుగా స్థిరపడ్డాయి. జీపు ఆ ఏర్పాటులోకి ఆలస్యంగా వచ్చి చేరింది.

1973లో అరబ్ దేశాలు చమురు సరఫరాను బిగించడంతో ప్రపంచ మార్కెట్లో ముడిచమురు ధర కొద్ది నెలల్లోనే సుమారు నాలుగింతలైంది. భారత ప్రభుత్వం ఆ భారాన్ని పెట్రోలు మీద ఎక్కువగా, డీజిలు మీద తక్కువగా వేసింది. పెట్రోలు కార్లున్నవాళ్లది, డీజిలు లారీలది, బస్సులది, సేద్యానిది అన్నది ఆ విధానం వెనకున్న ఆలోచన. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు ఈ ధరల తేడాయే జీపు ఇంజనును ఎంపిక చేసింది. సొంత డబ్బుతో జీపు కొనే మిరప రైతు, కంకర కాంట్రాక్టరు, సున్నపు బట్టీ యజమాని పెట్రోలు వైపు చూడాల్సిన అవసరం పోయింది.

మొదటి డీజిలు జీపులు 1970ల్లో వచ్చాయి. మహీంద్రా సి.జె. 500డిలో పెట్టినది బి-275 ట్రాక్టరు వంశానికి చెందిన ఇంజను, సుమారు 2,350 సి.సి. పొలంలో నాగలి లాగడానికి రూపొందిన ఇంజను రోడ్డు మీద సుఖంగా ఉండదు. స్టీరింగు, అద్దాలు, సీట్లు అన్నీ అదిరేవి, వేగం అంతంతమాత్రమే. అయినా ఆ ఇంజనుకు పల్లెలో దొరికిన ఆదరణ ఏ విదేశీ ఇంజనుకూ దొరకలేదు. ట్రాక్టరు మేస్త్రీకి అది బాగా తెలిసిన ఇంజను. డీజిలు లైనులో గాలి చేరితే చేతిపంపు కొట్టి వదిలించడం, పిస్టన్లు అరిగితే బోరు చేయించడం అతనికి రోజువారీ పని.

ఇదే కాలంలో పాత పెట్రోలు జీపుల నుంచి హరికేన్ ఇంజను తీసేసి డీజిలు ఇంజను బిగించే పని దేశమంతటా పెద్ద వృత్తిగా మారింది. తెలుగు ప్రాంతంలో ఇలాంటి పనులకు పేరుపడ్డ చోటు విజయవాడ ఆటోనగర్. పైకి తేలికగా కనిపించే ఈ మార్పులో తప్పులు చాలా జరిగేవి. డీజిలు ఇంజను బరువెక్కువ కాబట్టి ముందు కమాను కట్టలు మార్చకపోతే బండి ముక్కు మీద పడుతుంది. అది నెమ్మదిగా తిరిగే ఇంజను కాబట్టి పెట్రోలు జీపుకు వేసిన పళ్ల చక్రాలతోనే నడిపితే రోడ్డు మీద పరుగెత్తదు. పాత రేడియేటరు ఎండాకాలం చాలదు. ఈ మూడూ చూసుకుని చేసిన పని ఏళ్ల తరబడి నిలిచింది. చూసుకోకుండా మార్చిన జీపులు ముందు ఇరుసు విరిగి మూలనపడ్డాయి.

1979లో మహీంద్రా ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ నుంచి ఎక్స్.డి.పి. 4.90 డీజిలు ఇంజను తయారీ హక్కు తీసుకుంది. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, 2,112 సి.సి., 62 అశ్వశక్తి. 1980ల్లో వచ్చిన ఎం.ఎం. 540 జీపుతో ఈ ఇంజను ప్రసిద్ధమైంది. దీనిలో డీజిలు నేరుగా సిలిండరులో కాక పక్కనున్న చిన్న గదిలో ముందు అంటుకుంటుంది. అందువల్ల మంట మెత్తగా లేస్తుంది, చప్పుడు తగ్గుతుంది, ఇంజను ఎక్కువ వేగంగా తిరగగలుగుతుంది. దీనికి ప్రతిగా ఆ చిన్న గది గోడలు కొంత వేడిని మింగేస్తాయి. అందుకే డీజిలు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, చలి ఉదయాల్లో హీటరు ప్లగ్గులు ఎర్రబడేదాకా ఆగి తాళం తిప్పాలి. ట్రాక్టరు వంశంలోనే తర్వాత వచ్చిన 2,523 సి.సి. డి.ఐ. ఇంజనులో డీజిలు నేరుగా సిలిండరులో పడుతుంది. చప్పుడెక్కువ, వేగం తక్కువ; లీటరుకు వచ్చే దూరం ఎక్కువ, హీటరు గొడవ తక్కువ.

కొనేవాడి ముందు నిజంగా రెండు దారులున్న కాలం ఇదే. తరచూ గుంటూరు, హైదరాబాదు వెళ్లివచ్చే కుటుంబానికి ప్యూజో నయం. చేను, కల్లం, ఊరు మధ్య కూలీలను, మందు డబ్బాలను, మిరప బస్తాలను మోసే బండికి డి.ఐ. నయం. కాగితం మీద అంకెలు చూస్తే ఈ రెండిటి కంటే పాత హరికేన్ శక్తే ఎక్కువ. బురదలో డీజిలు నెగ్గిందన్న నమ్మకం పూర్తిగా బలం లెక్క మీద నిలిచింది కాదు. ఆ కాలపు డీజిలు ఇంజను ఒకసారి రాజుకున్నాక నడవడానికి కరెంటుతో దాదాపు పనిలేదు. డిస్ట్రిబ్యూటరు, పాయింట్లు లేవు కాబట్టి వాగు నీళ్లు దాన్ని ఆపలేవు. గాలి పీల్చే మార్గంలోకి నీరు పోతే మాత్రం పెట్రోలు ఇంజను కంటే పెద్ద నష్టం జరుగుతుంది. గాలిని ఎన్నో రెట్లు నొక్కే సిలిండరులో నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఈ తేడా తెలిసిన డ్రైవరు ముందుగా ఎయిర్ ఫిల్టరు ఎత్తు చూసుకుని తర్వాత వాగులో దిగేవాడు.

1985 డిసెంబరులో మారుతి జిప్సీ వచ్చింది. 970 సి.సి. పెట్రోలు ఇంజను, 45 అశ్వశక్తి, చాలా తేలికైన బండి. తర్వాత 1,300 సి.సి. ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. తేలికదనం వల్ల మెత్తటి నేల మీద జిప్సీ ఎన్నో డీజిలు జీపులను మించి నడిచింది. సైన్యం, పోలీసు శాఖ దాన్ని విరివిగా వాడాయి. రైతు ఇంటికి మాత్రం అది అంతగా చేరలేదు. డీజిలు ఇంజనుతో దాన్ని ఎప్పుడూ అమ్మలేదు, పెట్రోలు ధర డీజిలు కంటే చాలా ఎక్కువగా ఉండేది. సాంకేతికంగా మంచి జవాబు కూడా ఇంధన ధర దగ్గర ఓడిపోతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చి, రోడ్లు పెరిగి, ఊరూరికీ ప్రయాణాలు ఎక్కువయ్యాక జీపు రూపం మారింది. మహీంద్రా నుంచి పొడుగాటి కమాండర్, ఆ తర్వాత మార్షల్ వచ్చాయి. వీటిలో చాలా బండ్లకు వెనక చక్రాలకే లాగుడు. దీని వెనక పంటకాలపు లెక్క ఉంది. మిరప కోత సాధారణంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. కూలీలను, సరుకును ఎక్కువగా తిప్పాల్సిన ఆ నెలల్లో రేగడి ఎండి గట్టిపడి ఉంటుంది. నాలుగు చక్రాల లాగుడు కావాల్సింది విత్తు నుంచి మందు కొట్టే దాకా, అంటే వానల నెలల్లో. అప్పుడు ట్రాక్టరు ఆ పని చేస్తుంది. అదనపు గేరుపెట్టెకు పెట్టే డబ్బు మిగిల్చి, డి.ఐ. ఇంజనున్న రెండు చక్రాల లాగుడు జీపు కొనడం తెలివైన ఎంపిక అయింది.

2010లో వచ్చిన మహీంద్రా థార్ పాత, కొత్త ఇంజన్లు రెండిటినీ ఒకే పేరుతో అమ్మింది. ఒక రకంలో పాత 2,523 సి.సి. డి.ఐ., 63 అశ్వశక్తి. మరొక రకంలో కంప్యూటరు అదుపులో డీజిలు చిమ్మే సి.ఆర్.డి.ఇ. ఇంజను, 105 అశ్వశక్తి. రెండోదాని బలం మొదటిదానికి అందనిది. అయితే సెన్సారు పోతే ఊరి మేస్త్రీ చేసేదేమీ లేదు. ల్యాప్‌టాప్ ఉన్న సర్వీసు సెంటరుకు బండిని చేర్చాలి. సుత్తి, స్పానరు, చెవి సాయంతో జబ్బు కనిపెట్టే తరానికి ఇది నిజమైన నష్టం. 2017 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-3 కాలుష్య ప్రమాణపు బండ్లు కొత్తగా అమ్మకూడదని నిషేధం వచ్చాక, ఆ ప్రమాణంతోనే నడిచిన డి.ఐ. థార్‌కు దారి మూసుకుపోయింది.

ధరల తేడా కూడా ఇదే దశకంలో కరిగింది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగినప్పుడు డీజిలు మీద ఉండిపోయింది. 2012 మే నెలలో ఢిల్లీలో రెండిటి మధ్య తేడా లీటరుకు 30 రూపాయలు దాటింది. 2014 అక్టోబరులో డీజిలు మీద కూడా నియంత్రణ తొలగింది. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిలు ధర పెట్రోలును మించింది కూడా.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాల తర్వాత, అదే ఏడాది అక్టోబరు 2న వచ్చిన కొత్త థార్‌లో 150 అశ్వశక్తి పెట్రోలు టర్బో, 130 అశ్వశక్తి డీజిలు రెండూ ఉన్నాయి. మహీంద్రా జీపుల వరుసలో పెట్రోలు ఇంజను చాలాకాలానికి మళ్లీ పోటీలోకి వచ్చింది. 2023లో మారుతి జిమ్నీ పెట్రోలు ఇంజనుతో మాత్రమే వచ్చింది. ఇప్పటి డీజిలు బండి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా రోడ్డు మీద వేగంగా పోవాలి. చేనుకూ ఇంటికీ మధ్య రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా తిరిగే బండిలో ఆ ఫిల్టరు మూసుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఒకప్పుడు డొంకకే పుట్టిందనిపించిన డీజిలు ఇప్పుడు హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకు సరిపోతోంది. పొలానికీ ఊరికీ మధ్య తిరిగే బండికి పెట్రోలే మేలు. దున్నకం, తోలకాలు ట్రాక్టరు చేతిలో ఉన్నాయి. పాత డి.ఐ. జీపులు మాత్రం రిజిస్ట్రేషను గడువు ఉన్నంతకాలం, ట్రాక్టరు విడిభాగాలు దొరికినంతకాలం పల్నాడు ఊళ్లలో చేతులు మారుతూనే ఉన్నాయి.