మరుపూ ముడుపూ

కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో మా ఇంట్లో ఎప్పుడూ తేలదు. నేను మూడంటాను, మా ఆవిడ రెండంటుంది. పప్పు అడుగంటి అసలు లెక్క చెబుతుంది. తాళంచెవి బియ్యం డబ్బా మీద, కళ్లద్దాలు నెత్తిమీద, బీపీ మాత్ర వేసుకున్నానో లేదో దేవుడికెరుక. అరవై దాటాక మా ఇంటి పంచాయతీలన్నీ ఒక్క మాట చుట్టూనే తిరుగుతున్నాయి: "మర్సిపోయినా". ఒకరినొకరు దెప్పుకోవడం మాని, ఆ మాట సంగతేమిటో చూద్దామని నిఘంటువులు ముందేసుకున్నాను.

ఇప్పుడు మనం మరచు, మరుపు అని రాస్తున్నాం. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరంలో అది మఱచు. బండి ఱ. పండితులు శకటరేఫమంటారు. బళ్లో అక్షరమాల చదివించేటప్పుడు మా పంతులే దాన్ని దాటేసి ముందుకు పోయేవాడు. మఱచు ఒక్కటే కాదు, గుఱుతూ అంతే, ఎఱుకా అంతే. తెలుసుకోవడం, గుర్తుంచుకోవడం, మరచిపోవడం మూడూ ఒకప్పుడు ఆ బండి మీదే ప్రయాణం చేశాయి. మరుపు అనే మాట తన సొంత అక్షరాన్నే మరచిపోయింది. ఇక తాళంచెవి మరచిన మనిషిని ఏమని తిడతాం?

మా చిత్తూరు సీమలో ఇంకో సౌకర్యం ఉంది. ఒక మాట పాతరూపం కావాలంటే తాళపత్రాలు వెతకనక్కర్లేదు, సరిహద్దు దాటితే చాలు. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు గానీ, అంతకు ముందు నుంచే అక్కడి సంత ఈ భాషలను పక్కపక్కన నిలబెట్టే పని చేస్తూనే ఉంది. ఒకడు మర్సిపోయినానంటాడు, పక్కవాడు కన్నడంలో మరెతె అంటాడు, తమిళుడు మఱన్దుట్టేన్ అంటాడు. కన్నడం వాళ్లూ బండిని వదిలేశారు. తమిళులు మాత్రం ఈనాటికీ రాతలో ఆ బలమైన ఱకారాన్ని నిలుపుకున్నారు. వాళ్ల భాషలో మఱ అంటే మరచు, మఱై అంటే దాగు. వేదానికి కూడా మఱై అని పేరు పెట్టుకున్నారు.

మనకూ ఆ జంట ఉంది. మఱచు పక్కనే మఱుగు. చాటు, దాపు. మరుగుదొడ్డి అనే మాటలో ఉన్నది అదే. ఈ రెండూ ఒకే తీగకు కాసినవని నా నమ్మకం. కాకపోతే జనం పాతబడిన సంగతిని "మరుగున పడింది" అని ఎందుకంటారు? పోయింది అనరు, చచ్చింది అనరు, చాటుకు పడింది అంటారు. మా అవ్వ చెంబు కనపడకపోతే చెప్పే మాట ఇదే: "యాడికీ పోలేదురా నాయనా, యాడో మరుగునుంటాది." చెంబు నిజంగానే నీళ్ల తొట్టి వెనకాల ఉండేది. (పాలు మరగడంలోని మరుగు వేరు. కానీ ఇప్పటి రాతలో రెండూ ఒకటే అయిపోయాయి కాబట్టి, పాలు మరుగుతున్న సంగతి మరుగున పడిందని రాసుకునే వీలు మా ఇంటికి కలిగింది.)

అన్నీ మరుపు ఖాతాలో వేయడం కూడా అన్యాయమే. తెలుగులో ఏమరుపాటని వేరే మాట ఉంది. ఫోన్లో మాట్లాడుతూ తాళంచెవి ఎక్కడో పెట్టేశాననుకోండి, అది మరచిపోవడం కాదు. పెట్టినప్పుడు మనసు అక్కడ లేనేలేదు. ఎక్కని దాన్ని మరచేదెలా? అవధానం చేసేవాళ్ల పద్ధతి చూడండి. అవధానమంటే శ్రద్ధ, ఏకాగ్రత. పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పే ధారణ చివరన వస్తుంది. అంతసేపూ శ్రద్ధ పెట్టినవాడికే ఆఖరున ధారణ. ఇది తెలిశాక నేను గ్యాస్ కట్టేసేటప్పుడు "గ్యాస్ కట్టేసినా" అని పైకి అంటున్నాను. నోరు అన్నది చెవి వింటుంది, చెవి విన్నది కొంతసేపు నిలుస్తుంది. ఆవిడ మొదట్లో నవ్వింది. ఇప్పుడు వాకిలి తాళం వేస్తూ తనూ అంటోంది.

మరుపుకు అన్నిచోట్లా చెడ్డపేరు లేదు. ఏడ్చే బిడ్డకు చందమామను చూపించి మరిపిస్తాం. పాటలో ఒళ్లు తెలియకపోతే మైమరపు అని మెచ్చుకుంటాం. మై అంటే ఒళ్లు. ఒళ్లు మరిస్తే పరవశం, మతి మరిస్తే వెక్కిరింత!

ఇక ఎదురు మాటలు. వీటి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గుర్తు అంటే గీత, ఆనవాలు, చిహ్నం. ఎన్నికల గుర్తు కూడా అదే గుర్తు. "నాకు గుర్తు లేదు" అంటే నా దగ్గర ఆనవాలు లేదని. "గుర్తు పెట్టుకో" అంటే ఒక చిహ్నం పెట్టుకోమని. జ్ఞాపకం సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దానర్థం తెలియజేసేది అని. వ్యాకరణంలో సూత్రంలోని ఒక మాట మరో సంగతిని సూచిస్తే దాన్ని జ్ఞాపకమంటారు. మనమూ, మన ఇరుగుపొరుగు తమిళ కన్నడాలవాళ్లూ దాన్ని తెచ్చి తలలో కూర్చోబెట్టాం. మనం రోజూ వాడే ఈ రెండు మాటలూ పుట్టినప్పుడు తలకు బయటి సరుకే. జ్ఞాపకమంటే తలలోనే ఉండాలి, బయట రాసిపెట్టుకోవడం నామోషీ అనే ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో గానీ మన మాటల్లో మాత్రం లేదు.

మా అమ్మకు ఆ నామోషీ లేదు. పాలు పోసిన పూటకో గీత చొప్పున వంటింటి గోడమీద బొగ్గుతో గీసేది. సంత నుంచి ఏదైనా తేవాలంటే కొంగుకు ముడి. తరవాత టీటీడీ క్యాలెండర్ వచ్చి ఆ గోడను కప్పేసింది. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ, కరెంటు బిల్లు, అన్నీ స్వామి బొమ్మ కిందే. ఇప్పుడు మా ఇంట్లో వాకిలి పక్కన మేకు కొట్టాం. తాళంచెవికి అదే ఇల్లు, వేరే ఇల్లు లేదు. మాత్రలకు వారం రోజులకూ ఏడు అరల పెట్టె. మంగళవారం అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, వాదన లేదు. మూత పెట్టి దాచే డబ్బాలు తగ్గించి, గాజు సీసాలు పెట్టాం. మరుగే మరుపైతే మందు కూడా అందులోనే ఉంది, కంటి ముందుకు తీసుకురావడం.

ఒక హద్దు చెప్పాలి. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం వేరు, తాళంచెవి దేనికో తెలియకపోవడం వేరు. రోజూ నడిచే వీధి నుంచి ఇంటికి దారి తప్పినా, అడిగిందే పదిసార్లు అడుగుతున్నా, పెద్దతనం కదా అని సర్దుకోకూడదు. థైరాయిడ్, బి12 లోపం, నిద్రలేమి, కొన్ని రకాల మందులు కూడా ఇలా చేస్తాయి. వాటిలో చాలావాటికి చికిత్స ఉంది. డాక్టరుకు చూపించాలి.

కొంగు ముడి అన్నాను కదా. ముడి నుంచి ముడుచు, ముడుచు నుంచి ముడుపు, మఱచు నుంచి మఱపు వచ్చినట్టే. పేపర్ల వాళ్లు లంచాలకు వాడి ఆ మాట పరువు తీశారు గానీ, మా తిరుపతి వైపు ముడుపంటే పసుపుగుడ్డలో కాసు పెట్టి మూట కట్టి దేవుడి పటం ముందు ఉంచడం. బిడ్డకు జ్వరం తగ్గితే కొండకొస్తానని మాట. ఆ మాటను మనసుకు వదిలేయరు, గుడ్డకు కట్టి కళ్ల ముందు పెడతారు. మొక్కు మరచినవాడి దగ్గర ఆలస్యానికి వడ్డీ కూడా రాబట్టుకుంటాడు కాబట్టే కొండమీది స్వామి వడ్డికాసులవాడయ్యాడని మా వాళ్లు చెప్పుకుంటారు.

ఆ ముడుపు చేరే హుండీకి ఎదురుగా, తిరుమల గుడిలో, ఒక రాతి అర ఉంది. తాళ్లపాక అర, సంకీర్తన భండారం. 1503లో అన్నమయ్య పోయాక ఆ వంశం వాళ్లు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి అందులో దాచారు. 2,000కు పైగా రేకులు. అన్నమయ్య కట్టినవి మొత్తం 32,000 పాటలని ప్రతీతి. ఆ తరవాత శతాబ్దాల పాటు లోకం వాటిని మరచిపోయింది. 1920ల్లో రేకులు వెలుగులోకి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వాటిని చదివి, పరిష్కరించి మన చేతికిచ్చారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్నింటికి స్వరాలు కట్టారు. పాటలు ఎక్కడికీ పోలేదు. అవ్వ చెప్పినట్టు, మరుగున ఉన్నాయి.

అమ్మ పోయినాక ఆమె పెట్టెలో మూడు ముడుపులు దొరికాయి. ఒకటి నా పరీక్షలది. ఇంకొకటి చెల్లెలి కాన్పుది. మూడోది దేనికి కట్టిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ముడి విప్పలేదు. మూడూ తీసుకుని కొండకు వెళ్లి హుండీలో వేశాను. ఎదురుగా ఉన్న తాళ్లపాక అరను ఈసారి కళ్లారా చూడాలని ఇంటి నుంచే అనుకుంటూ వెళ్లాను. వెనక నుంచి జనం తోశారు. చూడ్డం మరచిపోయాను.