ధ్వనితో చూసిన కన్ను

మా మేనత్తకు నీటికాసుల శస్త్రచికిత్స జరిగిన నాలుగవ నాటి రాత్రి దగ్గుతెర వచ్చింది. దానితోపాటే కంటిలో భరించరాని పోటు. తెల్లవారేసరికి ఆ కంటికి వెలుతురు తప్ప మరేమీ ఆనలేదు. వైద్యురాలు దీపం వేసి చూశారు. లోపలి భాగం కనిపించడం లేదన్నారు. అప్పుడు మూసిన రెప్పపై జెల్ రాసి, లావుపాటి కలం వంటి పరికరాన్ని మెల్లగా ఆనించారు. తెరపై రెండు గుట్టలు ఎదురెదురుగా నిలిచి తలలు ఆనించుకున్నట్లు కనిపించాయి. "రక్తం. గడ్డకట్టింది. ఇప్పుడే ముట్టుకోకూడదు" అన్నారామె. ఆ చిన్న మాట వెనుక ఎంత చరిత్ర ఉన్నదో తెలుసుకోవాలన్న తపనే ఈ టపాకు మూలం.

నీటికాసులలో సాధారణంగా కంటిలోని ఒత్తిడి పెరిగి, చూపునరం క్రమంగా దెబ్బతింటుంది. 1857లో బెర్లిన్ వైద్యుడు అల్బ్రెక్ట్ ఫాన్ గ్రాఫె, కనుపాప చుట్టూ ఉండే రంగుపొరలో చిన్న ముక్కను తొలగించి ఈ జబ్బును అదుపు చేయవచ్చునని ప్రకటించారు. తరువాతి ఘట్టాలలో ఒకటి మనకు దగ్గరలోనే, మద్రాసులో జరిగింది. ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి అధిపతి రాబర్ట్ హెన్రీ ఎలియట్, 1909లో నల్లగుడ్డు అంచున గుండ్రని కత్తితో రంధ్రం చేసి, లోపలి నీటికి దారి కల్పించసాగారు. 1913లో ఆ పద్ధతిపై గ్రంథమే రాశారు. ఆనాడు కోస్తా, రాయలసీమలు కూడా మద్రాసు రాజధానిలోనివే కదా!

కానీ మూతలేని రంధ్రం నుండి నీరు అదుపు లేకుండా జారిపోయేది. 1968లో కేంబ్రిడ్జిలో జాన్ కెయిర్న్స్ ఆ దారిపై తెల్లగుడ్డు పొరనే తలుపులా కప్పారు. ప్రమాదం తగ్గింది, తొలగిపోలేదు. ఒత్తిడి హఠాత్తుగా పడిపోతే తెల్లగుడ్డుకూ దాని లోపలి రక్తనాళాల పొరకూ మధ్య నీరు చేరవచ్చు. నాళం చిట్లితే రక్తమే చేరవచ్చు. నీరైతే చాలాసార్లు మందులతో, ఓర్పుతో తగ్గుతుంది. రక్తం ఎక్కువైతే గడ్డ కరిగేదాకా ఆగి బయటికి తీయవలసి రావచ్చు. ఏది ఏదో తెలియాలి.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టిన నేత్రదర్శినికి వెలుతురే ఆధారం. నల్లగుడ్డు మసకబారినా, లోపల రక్తం నిండినా వెలుతురు ఆగిపోతుంది. ధ్వని ఆగదు. 1956లో అమెరికాలో ముండ్ట్, హ్యూస్ అనే వైద్యులు కంటి నుండి తిరిగివచ్చే అతిధ్వని ప్రతిధ్వనులను గీతలుగా నమోదు చేశారు. 1958లో బామ్, గ్రీన్‌వుడ్ ఆ గీతలను దాటి కంటి అడ్డుకోత బొమ్మనే తెరకెక్కించారు. బి-స్కాన్ అంటే అదే. అందులో నీటి గుట్ట లోపల నల్లగా, గడ్డకట్టిన రక్తపు గుట్ట తెల్లని ముద్దలా కనిపిస్తుంది.

అయితే ఈ బొమ్మలో కంటి ముందు భాగం స్పష్టంగా తెలియదు. శస్త్రచికిత్స తరువాత నీరు దారి తప్పి వెనక్కు మళ్ళి, ఒత్తిడి పెరిగే చిక్కు ఒకటున్నది. గ్రాఫె 1869లోనే దాన్ని గుర్తించి 'ప్రాణాంతక' మన్నంత గడ్డు పేరు పెట్టారు. అటువంటి చోట రంగుపొర వెనుక ఏం జరుగుతున్నదో చూపగల యంత్రం 1990 నాటికి గాని రాలేదు. టొరంటోలో పావ్లిన్, ఫాస్టర్ బృందం 50 మెగాహెర్ట్జ్ ధ్వనితో దాన్ని సాధించింది. అది అయిదు మిల్లీమీటర్ల లోతుకు మించి పోలేదు. కానీ ఆ కొద్దిమేరా అతి సూక్ష్మంగా చూపుతుంది.

అత్తయ్యకు రోజు విడిచి రోజు స్కాన్ తీశారు. తెల్లని ముద్ద కరిగి లోపల కదలడం కనిపించాక, పదకొండవ నాడు రక్తాన్ని బయటికి తీశారు. పోయిన చూపంతా రాలేదు. కంచంలో ఏమున్నదో పోల్చుకోగలుగుతున్నది. "ఈ మిషను లేనప్పుడు ఏం చేసేవార్రా?" అని ఆమె అడిగితే, "ఊహించేవారు అత్తయ్యా" అన్నాను.

ఆ రాత్రి పోటు వస్తే తెల్లవారేదాకా ఆగడం మా తప్పు. మీ ఇళ్ళలో పెద్దలకు ఈ శస్త్రచికిత్స జరిగి ఉంటే, మీరు మాత్రం ఆగకండి.