ఈల నుంచి మీట దాకా

1960 ప్రాంతంలో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడిన రోగులకు నోటికందేలా ఒక ఈల అమర్చేవారు. దాహమైనా, దీపం ఆర్పాలన్నా అది ఊదాలి. ఎవరో ఒకరు రావాలి.

అసలు అంతమంది బ్రతికి ఉండడమే అప్పటికి కొత్త సంగతి. అంతకు ముందు వెన్నుపాము తెగినవారిలో చాలామంది పుండ్లు పడో, మూత్రకోశం చెడో త్వరలోనే పోయేవారు. హిట్లరు జర్మనీ నుంచి తప్పించుకు వచ్చిన లుడ్విగ్ గట్‌మన్ అనే వైద్యుడు 1944లో అక్కడ ప్రత్యేక విభాగం తెరిచి ఆ రాత మార్చాడు. 1948లో ఆయన జరిపిన విలువిద్య పోటీ నుంచే పారాలింపిక్స్ పుట్టాయన్నది అందరూ చెప్పుకునే కథ. నన్ను పట్టుకున్నది దాని పక్కనున్న చిన్న కథ. ప్రాణం నిలబెట్టడం వైద్యానికి చేతనైంది. సరే, ఆ మనిషి ఇంటికి వెళ్ళాక దీపం ఎవరు వెయ్యాలి?

రోగులను పలకరించడానికి వచ్చిపోయే రెజ్ మేలింగ్ ఆ ఈలను చూశాడు. ఈల ఊదగలిగిన ఊపిరి మీటను మాత్రం ఎందుకు నొక్కలేదు? నోట్లో ఒక గొట్టం. దానిలోకి ఊదినా, దానినుంచి పీల్చినా గాలి ఒత్తిడికి విద్యుత్తు మీట కదులుతుంది. ఎదురుగా ఉన్న పలక మీద దీపం, రేడియో, హీటరు, టెలిఫోను, తలుపు గొళ్ళెం: కావలసినదాన్ని ఊపిరితోనే ఎంచుకోవచ్చు. టైపు మిషనుకూ తగిలించారు. రోగి నడిపే ఎంపిక యంత్రం అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలను కలిపి దాన్ని 'పోసమ్' అన్నారు. లాటిన్‌లో ఆ మాటకు 'నాకు చేతనవును' అని అర్థం. యంత్రాలకు ఇంత చక్కటి పేర్లు అరుదుగా కుదురుతాయి.

ఊపిరి కూడా తనది కానివారి మాటేమిటి? హిలరీ పోల్ వ్యాయామ ఉపాధ్యాయిని. మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బు ఆమె కండరాలన్నిటినీ లొంగదీసుకుంది. శ్వాస కూడా యంత్రమే ఆడించేది. మిగిలింది కాలి బొటనవేలు, అదీ అంగుళంలో పదహారో వంతు కదలిక. పోసమ్‌కు అది చాలింది. ఆ వేలితోనే ఉత్తరాలు, కవితలు టైపు చేసింది. 1975లో మరణించింది. ఒక్క 'క్ష' కోసం నాలుగు మీటలు వెతుక్కుని విసుక్కునే మనం ఆ వేలిని ఒకసారి తలుచుకోవచ్చు.

ఇప్పుడు మాట చెబితే దీపం వెలిగే పరికరాలు బజారులో దొరుకుతున్నాయి, వాటిని సోకు అనేవారూ ఉన్నారు. అర్ధరాత్రి దీపం ఆర్పమని ఇంట్లోవాళ్ళను లేపడానికి మొహమాటపడి, తెల్లవార్లూ ఆ వెలుతురులోనే కళ్ళు మూసుకు పడుకునేవారికి అది సోకు కాదు.