క్వేకరు గృహం నుండి మద్రాసు వేదికకు: ఆల్‌ఫ్రెడ్ వెబ్ (1834–1908)

మన సంఘ చరిత్రలలో పాశ్చాత్య క్రైస్తవుడు సాధారణంగా మిషనరీగానో, దొరగానో కనిపిస్తాడు. క్రైస్తవ్యం పాలకుల మతమనే విమర్శకు జవాబు వెదకే బోధకులు, ఈ రెండు కోవలకూ చెందని ఒక వ్యక్తిని ఎరిగి ఉండటం మంచిది. ఆయన ఐర్లాండు జాతీయవాది ఆల్‌ఫ్రెడ్ వెబ్. 1894 డిసెంబరులో మద్రాసులో జరిగిన 10వ భారత జాతీయ కాంగ్రెసు మహాసభకు ఆయనే అధ్యక్షుడు. నాడు కోస్తా, రాయలసీమ ప్రాంతాలు మద్రాసు రాజధానిలోనివే.

వెబ్ డబ్లిన్‌లో క్వేకరు కుటుంబంలో జన్మించారు. తండ్రి రిచర్డ్ డేవిస్ వెబ్ ముద్రాపకుడు, బానిసత్వ నిర్మూలనకు పాటుపడినవాడు. బానిసత్వం నుండి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథను 1845లో డబ్లిన్‌లో అచ్చువేసింది ఆయనే. అప్పటికి ఆల్‌ఫ్రెడ్ వయస్సు 11 సంవత్సరాలు.

1870లో ఐజాక్ బట్ ప్రారంభించిన స్వపరిపాలన ఉద్యమంలో వెబ్ తొలినాళ్లలోనే చేరారు. ఐర్లాండు ప్రొటెస్టెంటులలో అత్యధికులు దీనిని వ్యతిరేకించారు. కాథలిక్కుల ఆధిక్యం వస్తుందని వారి భయం. వెబ్ తన వర్గపు భయాన్ని పంచుకొనలేదు. 1890లో కాథలిక్కులు అధికంగా ఉన్న పశ్చిమ వాటర్‌ఫర్డ్ నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఆ యేడే వ్యభిచార వివాదంలో నాయకుడు పార్నెల్ చిక్కుకొనగా పార్టీ చీలింది. వెబ్ పార్నెల్ వ్యతిరేక పక్షాన నిలిచారు.

1893 జూన్ 30న భారతదేశపు నల్లమందు వ్యాపారంపై కామన్స్ సభలో ఆయన తీర్మానం ప్రవేశపెట్టారు. గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం దానిని సవరించి రాయల్ కమిషన్‌ను నియమించింది. 1895లో కమిషన్ నివేదిక ఆ వ్యాపారాన్నే సమర్థించింది. అదే సంవత్సరం వెబ్ పార్లమెంటు సభ్యత్వాన్ని వదులుకున్నారు.

ఆయన మన మధ్య కొద్దిరోజుల అతిథి మాత్రమే; ఆయన పాత్రను పెంచి చెప్పనవసరం లేదు. అయితే ఐర్లాండుతో మన బంధం అంతటితో ఆగలేదు. 1894లోనే బరంపురంలో జన్మించిన వి.వి. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవటానికి డబ్లిన్ వెళ్లి, ఐరిష్ జాతీయవాదులతో సంబంధాల కారణంగా 1916లో ఆ దేశం విడిచిపెట్టవలసి వచ్చింది. 1969లో ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు.

వెబ్ ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టి కాథలిక్కుల ప్రతినిధి అయ్యారు. ఐరిష్‌వాడై ఉండి భారతీయుల కొరకు పలికారు. అల్పసంఖ్యాకులమైన మనం మన హక్కుల కొరకు విజ్ఞాపనలు వ్రాస్తున్నాం, అది అవసరమే. పొరుగువాని హక్కు కొరకు మన సంఘం చివరిసారి ఎప్పుడు నోరు తెరిచింది? ఈ ప్రశ్నకు జవాబు మన ప్రసంగ వేదికల మీదనే మొదలు కావాలి.