పరపతి వెల

తెలుగులో పరపతి అంటే అప్పు, నలుగురిలో పలుకుబడి కూడా. అప్పు పుట్టాలంటే ముందు మనిషికి విలువుండాలన్న లోకరీతి ఆ ఒక్క మాటలో ఉంది. అమెరికా క్రెడిట్ కార్డు చరిత్రను స్త్రీల వైపు నుంచి చదువుతున్నంతసేపూ ఈ మాట నన్ను వదల్లేదు.

1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫ్రెస్నో నగరంలో 60,000 మందికి అడక్కుండానే కార్డులు పంపింది. ఆ దేశంలోనే, అడిగిన స్త్రీకి మాత్రం కార్డు దొరకడం కష్టం. పెళ్ళయితే భర్త సంతకం కావాలి. గర్భం వస్తే ఉద్యోగం మానేస్తుందని ఆమె జీతాన్ని చాలా బ్యాంకులు పూర్తిగా లెక్కలోకి తీసుకునేవి కావు. స్త్రీ అంటేనే 'రిస్కు'. స్త్రీవాదుల పోరాటంతో 1974 అక్టోబరులో సమాన రుణావకాశ చట్టం వచ్చింది. ఆడదానివనో, పెళ్ళయిందనో, విడాకులు తీసుకున్నావనో అప్పు నిరాకరించడం చట్టవిరుద్ధమయింది.

నాలుగేళ్ళకు, 1978లో, మార్క్వెట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జాతీయ బ్యాంకు తానున్న రాష్ట్రపు వడ్డీనే ఏ రాష్ట్రం వారి నుంచైనా వసూలు చేయవచ్చంది. అలా 12 శాతం పరిమితి ఉన్న మిన్నెసోటాలో నెబ్రాస్కా బ్యాంకు 18 శాతం తీసుకోగలిగింది. 1980లో సౌత్ డకోటా పరిమితినే ఎత్తేసింది. సిటీబ్యాంక్ కార్డుల వ్యాపారం అక్కడికి తరలింది.

వడ్డీకి హద్దు పోయాక 'రిస్కు' మనిషే లాభసాటి అయింది. నెలనెలా బాకీ మొత్తం తీర్చేసేవారిని ఆ వ్యాపారంలో 'డెడ్‌బీట్' అంటారు, అంటే ఎగవేతదారు! కనీస మొత్తం కడుతూ ఎన్నటికీ బయటపడని వారే వాళ్ళకి మంచి ఖాతాదారులు.

అప్పులపాలయిన స్త్రీని చూసి షాపింగ్ పిచ్చి అనేయడం తేలిక. 2003లో ఎలిజబెత్ వారెన్, కూతురు అమీలియాతో కలిసి రాసిన పుస్తకంలో వేరే కారణాలు చూపింది. దివాళాకు ముందు ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు ఉన్నాయి. దివాళా తీసినవారిలో పిల్లల తల్లులు ఎక్కువ.

2009 చట్టం పాత బాకీలపై ఇష్టారాజ్యంగా వడ్డీ పెంచడాన్ని కట్టడి చేసింది గానీ రేటుకు పరిమితి పెట్టలేదు. 2023లో అమెరికన్ల కార్డు బాకీ లక్ష కోట్ల డాలర్లు దాటింది.

1974 విజయం చిన్నది కాదు. పేరు మీద అప్పు పుట్టని మనిషికి పౌరసత్వం సగమే. కానీ ప్రవేశం కోసం పోరాడినవాళ్ళం వెల గురించి కూడా అడగాలి. 2010లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మరుణాల సంక్షోభంలో తోటి ఆడవాళ్ళ ముందు పోయే పరువే హామీగా మారడం చూశాం. పరపతి దక్కిన స్త్రీ పలుకుబడి పెరిగిందా, తగ్గిందా అన్నది వడ్డీరేటు చూడకుండా తేల్చలేం.